సొరుగు మీద కప్పు

ఇబ్రహీంపట్నంలో వెల్డరు ఇల్లు. అతను కట్టిన టిఫిన్ ట్రైలర్ వాకిట్లో ఉంది. దాని పక్కగోడను సొరుగులా బయటికి లాగితే వంటకు చోటు పెరుగుతుంది. సోమవారం నుంచి హనుమాన్ జంక్షన్‌లో దాన్ని నడపబోయే అతని భార్య, నానిన మినప్పప్పును పిసికి పొట్టు కడుగుతోంది.

“ఏవండీ, ఆ సొరుగు మీద కప్పు వెయ్యాల్సిందే.”

“కప్పా? చూసినవాళ్లు నా వెల్డింగ్ కారుతోందనుకుంటారు.”

“మీ వెల్డింగ్ చుక్క కారదు. నిన్న వానలో లోపలే కూర్చుని చూశాను.”

“మరింకేం?”

“వాన వెలిశాక సొరుగు నెట్టాను. పైన నిలిచిన నీళ్లు, వేపాకులు దాంతోపాటే లోపలికొచ్చాయి. పిండి బస్తా తడిసింది.”

“నెట్టేముందు తుడుచుకో.”

“నేను నిచ్చెనెక్కి తుడుస్తుంటే దోసె మీరు తిప్పుతారా?”

“టార్పాలిన్ కట్టాననుకో, లారీల గాలికి చిరిగిపోతుంది.”

“కట్టొద్దు. ట్రైలర్ గోడకి రోలర్ పెట్టండి. సొరుగు లాగితే పట్టా ఏటవాలుగా పరుచుకోవాలి, నెడితే చుట్టుకోవాలి. నీళ్లు బయటికే జారిపోతాయి.”

“స్ప్రింగు బిగువు కుదరాలే. చెప్పినంత తేలిక కాదు.”

“అవునా? జంక్షన్‌లో షాపు షట్టర్లు చేసే నన్నేసాహెబ్ గారు ఒక్క పూట పనన్నారే.”

“నా బండి మీద ఆయన చెయ్యి పడాలా?”

“మీరేగా తేలిక కాదన్నారు!”

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. మేకుకు వేలాడుతున్న కొలత టేపు తీసుకుని ట్రైలర్ దగ్గరికి వెళ్లిపోయాడు.