ఎవాల్ బతికిన పారిస్

(డెన్మార్కు పడమటి తీరాన ఒక చేపల ఊరు. చర్చివాళ్ళ పాతసామాన్ల కొట్టు. బల్ల వెనక క్రెస్టెన్, బల్ల ముందు ఎవాల్. చిన్నప్పుడు బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ.)

"ఇది కాదు క్రెస్టెన్. ఇది మరీ కొత్తగా ఉంది."

"పుస్తకం కొత్తగా ఉందని వెనక్కి నెట్టినవాణ్ణి నా జన్మలో నిన్నే చూస్తున్నానురా ఎవాల్! కిందటేడు అచ్చయింది. పారిస్ మొత్తం ఉంది ఇందులో, రంగుల పటాలతో సహా."

"రంగులు నాకెందుకు? పాతది కావాలి."

"పోనీ ఇది చూడు. తోలు అట్ట. లోపలున్నవన్నీ పెద్ద పెద్ద హోటళ్ళు. పూట భోజనానికి ఒక దూడని అమ్ముకోవాలి."

"దూడా వద్దు, గీడా వద్దు. డబ్బుల్లేనివాళ్ళ కోసం రాసింది కావాలి. చవక తిండి, చవక పడక. పాతది."

"ఎంత పాతది?"

"ఎంతంటే… ఒక యాభై రెండేళ్ళు."

"యాభై రెండేళ్ళ కిందటి గైడు పుస్తకం పట్టుకుని పారిస్ వెళ్ళావంటే, ఎప్పుడో పడగొట్టేసిన హోటల్ తలుపు కొడుతూ నిలబడాలి."

"అది నా బాధ. నీకెందుకు?"

"నాకెందుకా? అసలు నీకు పుస్తకం ఎందుకు? జేబులో చిల్లిగవ్వ లేకుండా ఆరు నెలలు పారిస్‌లో బతికొచ్చినవాడివి! సందు సందూ తెలుసంటావుగా!"

"మర్చిపోతాం కదా. వయసు."

"మర్చిపోయావా? మొన్న ఆదివారం చర్చిలో కాఫీ దగ్గర టవరు కథ చెప్పావు. కొసమీద కూర్చుని రంగు వేస్తున్నావు. బ్రష్షు జారింది. అది నేలమీద పడేలోపు నువ్వు మెట్లన్నీ దిగొచ్చి కింద పట్టుకున్నావు. అది విని పాస్టరుగారి నోట్లో కేకు ముక్క నోట్లోనే ఉండిపోయింది."

"అది… గాలి ఎదురుగా ఉంది. బ్రష్షు నెమ్మదిగా పడింది."

"మరి నదిలో పట్టిన చేప? తల ఒక వంతెన కింద, తోక ఇంకో వంతెన కింద."

"సన్న చేపేలే."

"ఉల్లిపాయల పులుసో? నువ్వు మూత తీస్తే వీధి వీధంతా మూడు రోజులు ఏడ్చింది. ఎవరు పోయారో కనుక్కోవడానికి పోలీసులొచ్చారు. ఇన్ని గుర్తున్నవాడికి పుస్తకం ఎందుకు?"

"నువ్వు పుస్తకం ఇస్తావా, పోలీసు డ్యూటీ చేస్తావా?"

"రెండూ చేస్తా. ఎవరూ రావడం లేదు, పొద్దు గడవాలిగా. ఫోనులో చూసుకోలేకపోయావా?"

"ఫోను మా ఆవిడ దాగ్నీ చేతిలో ఉంటుంది. ఏం వెతికామో అంతా ఫోను కడుపులో మిగిలిపోతుందిట."

"లైబ్రరీకి పోవాల్సింది."

"అక్కడికి పోతే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది."

"ఇక్కడికొస్తే?"

"మధ్యాహ్నానికే తెలుస్తుంది. కానీ చవక."

"చెప్పరా ఎవాల్. ఏం ముంచుకొచ్చింది?"

"ఏం రాలేదు. శనివారం ప్రయాణం. అంతే."

"అంతేనా?"

"మా పెళ్ళై యాభై ఏళ్ళు. ఆ సందర్భంగా వదిన కానుక ఇచ్చింది. పారిస్‌లో నాలుగు రోజులు. నేను, దాగ్నీ… వదిన."

"ఏ వదిన? దాగ్నీ అక్క ఎల్నానా? నలభై ఏళ్ళు బడిలో భూగోళం చెప్పిందే, ఆవిడా?"

"భూగోళం, ఫ్రెంచి."

"అయ్యో దేవుడా."

"ఇప్పుడొచ్చాడా దేవుడు! ఆవిడ హోటల్ కూడా మాట్లాడలేదు. 'ఎందుకు? మా మరిదికి చవకగా పడుకునే చోటు తెలుసు, తినే చోటు తెలుసు. ముందు అతను నడవనీ, మనం వెనకాల నడుద్దాం' అందిట. ఆ గొంతు నీకు తెలుసుగా."

"తెలుసు. మా అబ్బాయి పరీక్ష కాగితం మీద సున్నా వేసి, దాని చుట్టూ ఇంకో సున్నా వేసిన గొంతు."

"అందుకనే…"

"అందుకనే? ఆగు. ఎవాల్, ఇటు చూడు. నా మొహం చూసి చెప్పు. నువ్వు పారిస్‌లో ఉన్నావా, లేదా?"

"ఉన్నానంటే… బయల్దేరాను."

"బయల్దేరడం ఊరంతా చూశాం. ఇంటింటికీ జెండా ఎగరేశాం. బాజా వాయించాం. నేను డోలు కొట్టాను. ఎక్కడిదాకా వెళ్ళావు?"

"చాలా దూరమే వెళ్ళాను."

"ఎక్కడిదాకా?"

"ఎస్బియర్."

"ఎస్… ఎస్బియరా? బస్సులో గంటన్నర! నేను పళ్ళ డాక్టరు కోసం వెళ్ళొచ్చే ఎస్బియరా?"

"మెల్లగా! బయట ఎవరో సైకిలు ఆపుతున్నారు."

"ఆపనీ! ఎస్బియర్‌లో ఏం చేశావురా ఆరు నెలలు?"

"మా అమ్మ రెండు రోజులకని నల్లటి రై రొట్టెలు కట్టిచ్చింది, లివరు ముద్ద రాసి. రైలు మారడానికి ఎస్బియర్‌లో దిగాను. చేతిలో రెండు గంటలున్నాయి. ఊరికే కూర్చోవడం ఎందుకని ఒకటి తిన్నాను. తర్వాత… మొత్తం తినేశాను."

"పారిస్ దాకా తినాల్సినవి?"

"పారిస్ దాకావే. ఇంక జర్మనీ అంతా పస్తే కదా! రొట్టె డబ్బులు సంపాదించుకుని మర్నాటి రైలెక్కుదామని హెర్రింగ్ చేప డబ్బాల్లో పెట్టే చోట ఒక్కరోజు పనికి చేరాను. ఉల్లిపాయలు తరిగే పని."

"ఉల్లిపాయలు!"

"ఉల్లిపాయల ఏడుపు మాత్రం నిజం, క్రెస్టెన్. ఒట్టు."

"మరి తిరిగి రావాల్సింది!"

"ఎలా వస్తాను? మీరు జెండాలెగరేశారు! మర్నాడే సంచీ భుజానేసుకుని వస్తే? ఏ మొహంతో ఆ జెండాలు దించమంటాను? కాస్త చల్లారనిద్దామనుకున్నాను. అలా అలా ఆరు నెలలైంది. ఈలోగా దాగ్నీకి ఉత్తరాలు రాశాను. మూడు. పారిస్ అందం గురించి. ఆ ఉత్తరాలకే కదా ఆవిడ మెత్తబడింది!"

"అంటే పెళ్ళికి పునాది…"

"ఉల్లిపాయ. యాభై ఏళ్ళు, క్రెస్టెన్! ముగ్గురు పిల్లలు! శనివారం రైలు దిగగానే వదిన 'ఊఁ, మరిదీ, ఏ పక్కకి?' అంటుంది. నేను నోరు వెళ్ళబెడతాను. దాగ్నీ నన్ను చూస్తుంది. నేను వదినకి కూడా భయపడను. ఆ చూపు… దాన్ని తట్టుకోలేనురా."

"ఖ్హు… ఖ్హు…"

"నవ్వుతావేం?"

"నవ్వడం లేదు. దగ్గు. ఆగు, ముందు వరుసలో ఒకటి ఉంది. ఇదిగో. 'ఖాళీ జేబుతో పారిస్.' అచ్చైన ఏడు చూడు."

"యాభై మూడేళ్ళ కిందటిది! సరిగ్గా ఇదే! ఇంతసేపూ ఎందుకు చూపించలేదు?"

"నువ్వు అడిగే తీరు చూద్దామని."

"ఎంతివ్వాలి?"

"ఉండు, పేజీలున్నాయో లేవో చూడనీ. పాత పుస్తకాలు కదా. ఇదేంటి, ఎవరో అంచుల్లో పెన్సిలుతో రాశారు."

"రాస్తే రాశారు. ఇటివ్వు."

"నది పేజీ. 'ఇక్కడ వంతెనలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. చేపని ఇక్కడ పట్టినట్టు చెబితే నమ్మొచ్చు.'"

"ఏంటీ?"

"నీ చేప ఎవరికో ఉపయోగపడిందిరా. పాత బజారు పేజీ. 'ఉల్లిపాయల పులుసు ఈ వీధిలోనే. బజారు ఎత్తేశారు, అడిగి కనుక్కోవడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు.'"

"కథలు ఊరంతా విన్నారు. ఎవరో అల్లరివాళ్ళు…"

"హోటళ్ళ పేజీ. 'ఇది ఇంకా ఉంది. ఫోను చేసి కనుక్కున్నాను. రైలు దిగి కుడిపక్కకి తిరగాలి. కుడిపక్కకి.' రెండుసార్లు గీత గీశారు."

"కుడిపక్కకి… ఉండు. ఆ రాత…"

"టవరు పేజీ. 'మెట్లు వద్దు. లిఫ్టు ఎక్కు. మోకాలు.' నీ మోకాలి సంగతి పుస్తకానికెలా తెలిసిందిరా ఎవాల్?"

"ఇటు చూపించు. పెన్సిలు అంత నొక్కి… వెనకపేజీలో పొడుచుకొచ్చేలా… ఇది మా ఇంట్లో వెచ్చాల చీటీ రాసే చెయ్యి! పాలు, గుడ్లు, ఈస్టు… క్రెస్టెన్! ఈ పుస్తకం ఇక్కడికి ఎవరు తెచ్చారు?"

"నోరు మెదపనని మాటిచ్చాను."

"క్రెస్టెన్!"

"సోమవారం దాగ్నీ తెచ్చింది. ఎవరికి పడితే వాళ్ళకి అమ్మొద్దంది. 'ఈ వారంలో ఒక ముసలాయన వచ్చి, కొత్తవి వద్దు, పాతది కావాలని పేచీ పెడతాడు. ఆయనకే ఇవ్వు' అంది. నువ్వివ్వాల్సిన డబ్బు కూడా తనే కట్టేసి పోయింది. ఎందుకో నాకూ చెప్పలేదు. ఒట్టు, ఎస్బియర్ సంగతి నాకు ఇప్పుడే తెలిసింది."

"తనకి తెలుసా? ఎప్పట్నించి? ఎవరు చెప్పారు? నేను చెప్పలేదే! నిద్దట్లో కూడా పారిస్ గురించే మాట్లాడతానే!"

"చివరి పేజీలో ఇంకొంచెం ఉంది."

"వద్దు."

"చదవనా, మానేయనా?"

"…చదువు. మెల్లగా చదువు."

"'ఎవాల్, అక్కకి దొరక్కు. రొట్టెలు నేను కడతాను, నా సంచిలోనే ఉంటాయి, నీ చేతికివ్వను. ఆ మూడు ఉత్తరాల మీదా ఎస్బియర్ పోస్టాఫీసు ముద్రే ఉంది. పారిస్ ముద్ర ఉంటే నిన్ను చేసుకునేదాన్ని కాదు.'"