మార్టిన్ పండగ వెళ్ళినా దిగని గిలక

"దించమన్నాను, ద్రాగో."

"ఉంచమన్నావా? ఉంచాను గదా వదినా. నీ మాట ఎప్పుడు జవదాటాను?"

"దించు అన్నాను. కిందికి. చెవుల్లో కూడా ద్రాక్షతొక్కు కూరుకున్నావా?"

ద్రాక్షతోట గట్టు మీద, పొగమంచులో, భుజాన నిచ్చెన, చేతిలో రంపంతో నిలబడింది రొజాలియా. ఎదురుగా మరిది ద్రాగో, రెండు చేతులూ కోటు జేబుల్లో దూర్చుకుని. ఇద్దరి మధ్యా ఎనిమిది మీటర్ల స్తంభం. దాని కొసన, ద్రాక్షలు తినే గోరింకల్ని బెదరగొట్టడానికి ఆగస్టులో ఎత్తి, నవంబరులో మార్టిన్ పండగకల్లా దించేసే, గాలికి తిరుగుతూ టకటకలాడే కొయ్య గాలిగిలక. పండగ వెళ్ళి పదిరోజులైంది.

"ఊరంతా దించేశారు. నీదొక్కటే మిగిలింది. మీ మరిది ఇప్పుడు మంచుని బెదరగొడుతున్నాడా అని ఫాదర్ నన్నడిగాడు."

"ఫాదర్‌కేం? ఆయన గంట ఏడాది పొడుగునా కొట్టుకోవచ్చు."

"ఆయన గంటకి పిట్టలు పారిపోవు. నీ గిలకకి పోతున్నాయి. రోజూ మూడింటికి మొదలు. టక్, టక్, టక్. నేను పెరట్లో పొద్దుతిరుగుడు గింజలు పోసి, పందికొవ్వు ముద్దలు కొమ్మకి కట్టి కూర్చుంటే, వచ్చిందెవరు? పక్కింటి పిల్లి."

"పిల్లీ ప్రాణే గదా."

"నీకు వెటకారం. ఏప్రిల్లో పక్షవాతం వచ్చింది మొదలు మీ అన్న కళ్ళెత్తి చూసింది ఆ పక్షుల్నే."

"పక్షవాతానికి పక్షులు మందన్నమాట. డాక్టరు చెప్పాడా, నువ్వే కనిపెట్టావా?"

"డాక్టరు ఏం చెప్పాడో నీకెందుకు? ఏడు నెలల్లో ఒక్కసారి గుమ్మం తొక్కావా?"

"అది సరే, డాక్టరేమన్నాడు?"

"క్రిస్మస్ దాకా చూద్దామన్నాడు. అప్పటికీ కుడిచెయ్యి ఉలక్కపోతే ఆశ వదులుకోమన్నాడు. మనసుకి ఏదో ఒక ధ్యాస ఉండాలన్నాడు. ఆ ధ్యాస కాస్తా నువ్వు తరిమేశావు. ఇప్పుడు కుర్చీ పెరటివైపు తిప్పితే ఆయన మళ్ళీ పడమటి వసారావైపే తిప్పమంటాడు. అటు ఏముంది? గోడ, కట్టెలమోపు. పిట్టలు రాని పెరడు చూడలేక మనిషి గోడ చూస్తున్నాడు, ద్రాగో."

"అటువైపు ఎండ బాగుంటుందేమో."

"పొగమంచులో ఎండా? మీ నాన్న పోయాక తోట పంచుకున్నారు, సరే. ఈ గిలక అన్న చెక్కింది. అయినా నీ వాటాలోకి లాక్కున్నావు. ఆరేళ్ళు ఆయనతో మాటల్లేవు. ఇప్పుడిలా మోగించి పగ తీర్చుకుంటున్నావు. నేను తిట్టడానికి వసారాలోకి రాగానే చప్పుడు ఆగిపోతుంది. ఎక్కడో నక్కి నన్ను చూస్తూనే ఉంటావు."

"గాలిగిలకని నేనెలా ఆపుతాను? గాలికి నీ సంగతి ముందే చెప్పి ఉంచుతానా?"

ఆ తరవాత కాసేపు పాత పద్దులన్నీ బయటికొచ్చాయి. పెళ్ళయిన కొత్తలో ఆమె వండిన బాతు ఉడకలేదని అతనన్నాడు, అతని వైను తాగితే మేకలు కూడా మొహం తిప్పుకుంటాయని ఆమె అంది. బాతు సంగతికి పాతికేళ్ళు. ఇద్దరూ నిన్న జరిగినట్టే తగువాడారు.

"ఇక నీ సుత్తి ఆపు ద్రాగో. నిచ్చెన ఎక్కుతున్నాను. కోసి పారేస్తాను."

"నా సుత్తులు ఎప్పుడో ఆపేశాను వదినా. ఆగనిది నీ సుత్తే."

"మాటలతో ఆడుకోకు."

"ఆడుకోవట్లేదు. పైకి చూడు. గిలకకి రెక్కలున్నాయి. బల్ల ఉంది. బల్లని కొట్టే సుత్తులున్నాయా?"

"పొగమంచులో ఏం కనబడుతుంది?"

"అయితే ఎక్కి చూడు. నిచ్చెన నేను పట్టుకుంటాను."

"నువ్వు పట్టుకుంటే నేను ఎక్కను. జేబులోంచి చేతులు తియ్యి ముందు. ఏం దాచావు?"

"ఏం లేదు."

"తియ్యి."

"వదినా, చెప్తున్నా, ఏం లేదు."

"ఏం లేకపోతే, చెయ్యి తియ్యగానే కిందపడ్డవేమిటి? అక్రోటు పెంకులు. అదీ సంగతి. అటకమీద బుట్ట సగమెలా అయిందా అని ఎలకల్ని తిట్టుకున్నాను. పిట్టల్ని తరిమావు, మా అక్రోట్లూ తిన్నావు. పెంకిఘటం జేబులో పెంకులే ఉంటాయి మరి."

"నేను తినలేదు."

"మరి పెంకులు జేబులో పెట్టుకుని తిరిగే జబ్బు ఎప్పట్నించి?"

"పదిరోజుల్నించి."

"ఏమిటీ?"

"వదినా, ఒక్కటి అడుగుతాను. ఇవాళ గాలి ఉందా?"

"మాట మార్చకు."

"ఉందా?"

"...లేదు. ఆకు కదలట్లేదు."

"టైమెంతయింది?"

"మూడు అవుతోంది. అయితే?"

"మాట్లాడకుండా ఉండు. నీకు కష్టమే, తెలుసు. ఒక్క నిమిషం."

టక్.

"విన్నావా?"

"విన్నాను. టక్‌మంది. నీ గిలకే."

"మన నెత్తి మీద మోగిందా?"

"కాదు. కింద... మా ఇంటివైపు."

"పడమటి వసారా."

"అక్కడ మీ అన్న తప్ప ఎవరూ లేరు."

"ఎవరూ లేరు."

"ద్రాగో, నన్ను పిచ్చిదాన్ని చెయ్యకు. సరిగ్గా చెప్పు."

"పండగరోజు సుత్తులు ఊడదీశాను. స్తంభం ఒక్కణ్ణే దించలేను, రెండోవైపు పట్టేవాడు కావాలి. ఆరేళ్ళూ పక్కూరి వాణ్ణి పిలిచాను. ఈసారి పిలవబుద్ధి కాలేదు. ఒక సుత్తి తీసుకుని మీ ఇంటికొచ్చాను. నువ్వు పాలు పోయడానికి వెళ్ళావు. నువ్వు చెక్కిందే, నీ దగ్గరుంచుకో అని అన్న ఒళ్ళో పెట్టాను."

"ఆయనేమన్నాడు?"

"ఏడ్చాడు. నేనూ... అదొదిలెయ్. పక్కన అక్రోట్ల గిన్నె ఉంటే, ఆ సుత్తితో ఒక కాయ కొట్టి చూశాడు. అప్పట్నించి రోజూ పొద్దున నువ్వు పాలకి వెళ్ళగానే వస్తున్నాను. అటకమీది బుట్టలోంచి గుప్పెడు కాయలు తీసి దుప్పటి కింద పెడతాను, ముందురోజు పెంకులు ఏరుకుపోతాను. మూడింటికి నువ్వు మేకల దగ్గరికి వెళతావు, అన్న మొదలుపెడతాడు. నీ అడుగు వినబడగానే సుత్తి దుప్పటి కిందికి."

"మరి పిట్టలు?"

"పిట్టలెక్కడికీ పోలేదు వదినా. పసుపు పొట్టవీ, నీలిరంగు తలవీ, అన్నీ వసారా కమ్మీ మీదే ఉన్నాయి. అన్న పగలగొట్టిన పప్పు దొరుకుతుంటే నీ పొద్దుతిరుగుడు గింజలు ఎవడిక్కావాలి?"

"వెధవ పిట్టలు. పొట్ట కోసం పక్షం మార్చాయి."

"పక్షులు గదా."

"నవ్వకు. ఇంకా తిట్టడం అవలేదు. నా దగ్గర ఎందుకు దాచారు?"

"అన్నే నోటిమీద వేలు పెట్టాడు. కాయలన్నీ చితికిపోతున్నాయి. ఒక్క పప్పు చితకకుండా, నిండుగా తీసి నీ చేతిలో పెట్టాకే చెప్పాలట. అంతకుముందు తెలిస్తే గంటలో ఫాదర్‌కీ, సాయంత్రానికి మేకలక్కూడా చెప్తావని అన్న భయం."

"ఆహా. అన్నదమ్ములు ఒకటయ్యారు, నేను చాటింపు దాన్నయ్యాను. ఈ రంపం, ఈ నిచ్చెన, పదిరోజుల నా తిట్లు, అన్నీ దండగ. ఎడమచేత్తో నాలుగు కాయలు కొట్టడానికా మీకింత దొంగతనం?"

"ఎడమచేత్తో కాయ పట్టుకుంటాడు వదినా. సుత్తి ఏ చేత్తో పట్టుకుంటాడో నువ్వే చెప్పు."