బ్రెక్కీ గారి కాళ్ళు

ఏదీ, ఇటు తే. ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ. ఓరి నీ అసాధ్యం కూలా, ఇదెక్కడ దొరికింది నాయనా నీకు? మీ తాత గ్యారేజీలోనా? పాత టైర్ల వెనకాల, మొహం గోడకి తిప్పి పెట్టాడా! పెడతాడు, పెట్టక ఏం చేస్తాడు పాపం. యాభై రెండో సంవత్సరం క్యాలెండరు ఇది. నిచ్చెనెక్కి చెర్రీలు కోస్తుంటే గాలికి గౌను ఎగిరి, అయ్యో అన్నట్టు నోరు సున్నా చుట్టి... ఈ మొహం ఎవరిదో పోల్చుకున్నావా? సరిగ్గా చూడు. ఆఁ, నాదే. నవ్వకు. మీ నాన్నకి ఎక్కాలు నేర్పిన లుండీన్ టీచరు మొహమే. మొహం ఒక్కటే సుమా! కాళ్ళు నావి కావు.

ఇది వేసింది హార్లన్ బ్రెక్కీ అని, మా వీధి చివర ఉండేవాడు. నువ్వెరగవులే, పోయి చాలా ఏళ్ళయింది. యుద్ధం నించి వచ్చాక క్యాలెండర్ల కంపెనీకి బొమ్మలు వేసేవాడు. అప్పట్లో గ్యారేజీ, దాణా కొట్టు, మంగలి షాపు, ఎక్కడ చూసినా గోడ మీద ఇలాంటి పిల్లలే, కింద షాపువాడి పేరు. మనిషి మాత్రం ఎంత బిడియస్తుడనీ! ఆడవాళ్ళతో మాట్లాడాల్సొస్తే చేతిలో టోపీ నలిపేసేవాడు. ఓ శనివారం పళ్ళపొడి ప్రకటనకి కూర్చోమ్మా అన్నాడు. వాళ్ళావిడ ఆర్డిస్ పక్కనే మేజోళ్ళు కుట్టుకుంటోంది. పళ్ళపొడే కదా అని కూర్చున్నా. ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టమన్నాడు, పెట్టా, ఫొటో తీసుకున్నాడు. ఆ పనివాళ్ళ పద్ధతి నాకేం తెలుసు? ఫొటోలు ముందేసుకుని ఒకరి మొహం, ఒకరి చేతులు, ఇంకొకరి నడుం కలిపి ఒక పిల్లని తయారు చేస్తారట. ఆ వారం మంచు కురిసి, మినియాపోలిస్ నించి మోడల్ పిల్ల రావాల్సిన బస్సు ఆగిపోయింది. కంపెనీవాడు ఒకటే తొందర. సొరుగులో నా మొహం ఉంది. మరి కాళ్ళో? ఆగు, చెప్తా, నీకంతా తొందరే.

కొత్త సంవత్సరం వచ్చింది, ఊరంతా క్యాలెండర్లు వేలాడాయి, నన్ను స్కూలు బోర్డు పిలిచింది. ముగ్గురు మగవాళ్ళు. పెద్దాయన ఓడెగార్డ్, దాణా కొట్టు ఆయనదే. బల్ల మీద క్యాలెండరు. ఎక్కడిదనుకున్నావు, ఆయన కొట్టు గోడ మీంచి తెచ్చిందే! "మిస్ లుండీన్, ఇది మీరేనా?" అన్నాడు గొంతు సవరించుకుని. ఉద్యోగం పోతే నాకు దిక్కులేదు నాయనా, అప్పటికే మా అమ్మ మంచాన పడి ఉంది. మొహం నాదే, పళ్ళపొడికని ఇచ్చాను, కాళ్ళు నావి కావండీ అన్నా. "కావని మాకెలా తెలుస్తుంది?" అనేశాడు. అనేసి చెవులదాకా ఎర్రబడిపోయాడు. చూపించమని ఆయన అడగలేడు, నేను చూపించలేను.

అప్పుడు లేచాడయ్యా బ్రెక్కీ, వెనక బెంచీలోంచి. సంగతి తెలిసి ఆర్డిస్‌తో కలిసి వచ్చి కూర్చున్నాడు. బూట్లు విప్పాడు, పంట్లాం మోకాళ్ళ పైదాకా మడిచాడు, కుర్చీ ఎక్కాడు. మునివేళ్ళ మీద లేచి, నడుం ఇలా తిప్పి, నోరు సున్నా చుట్టాడు! ఆర్డిస్ వెనక నించి, "మేజోళ్ళు నావి. ఫొటో తీసింది నేనే. వెంట్రుకలు అప్పుడు గీసేశాడు లెండి" అంది. చిన్నప్పటి నించీ మంచు మీద స్కేటింగు చేసిన కాళ్ళు, అంత తీరైన పిక్కలు ఈ జిల్లాలో ఏ ఆడదానికీ లేవు, ఒట్టు. మిగతా ఇద్దరూ క్యాలెండరు ఎత్తి ఆ కాళ్ళ పక్కన పెట్టి పోల్చి చూడబోతే ఓడెగార్డ్, "అక్కర్లేదు. అవే" అన్నాడు. ఒక్క చూపుకే గుర్తుపట్టేశాడయ్యా! ఆ ఇద్దరూ బ్రెక్కీని వదిలేసి ఆయన్నే చూశారు.

నా ఉద్యోగం నిలిచింది, ముప్పై ఎనిమిదేళ్ళు చేశా. మర్నాటికల్లా ఊళ్ళో ఒక్క గోడ మీద క్యాలెండరు ఉంటే ఒట్టు. మీ తాత అప్పటిదాకా పొద్దున్నే దీనికి సలాం కొట్టిగానీ పనిలో దిగేవాడు కాదు. ఆ తర్వాత బ్రెక్కీ ఎదురుపడితే చాలు, ఇంజన్లో తల దూర్చేసేవాడు. నవ్వు, నవ్వు. ఈ ముచ్చట కంపెనీదాకా పాకింది. మగాడి కాళ్ళున్న పిల్లని ఏ షాపువాడు కొంటాడు? బ్రెక్కీకి ఆ పని పోయింది. ఇక చచ్చేదాకా ట్రాక్టర్ల ప్రకటనలే వేశాడు. ట్రాక్టర్లు నాయనా, ఆ చేత్తో! అలా అవుతుందని తెలుసు ఆయనకి, తెలిసే ఎక్కాడు కుర్చీ. నేనేమో... పోస్టాఫీసులో వారానికి రెండుసార్లు కనబడేవాడు. "చలి ఎక్కువగా ఉందండీ" అనేదాన్ని. "అవునమ్మా, ఎక్కువే" అనేవాడు. వేసవిలో అయితే ఎండ ఎక్కువగా ఉందనేదాన్ని. నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఏళ్ళకేళ్ళు. ఒక్కసారి, కనీసం ఆ ఆఖరి రోజుల్లోనైనా...

సర్లే. మీ అమ్మ కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా?