ఆయనకు మిగిలిన ఒక్క మాట

అయ్యా, నిన్న నేను నోటితో చెప్పినదంతా స్టేషను రైటరుగారు రాసి చదివి వినిపించారు. అందులో తప్పు లేదు గానీ, అది సగమే. మిగతా సగం నోటితో రాదని తెలిసి, మీరు ఒప్పుకున్నారు కాబట్టి, నా చేత్తో రాస్తున్నాను.

నా వయసు యాభై. పదో తరగతి చదివాను. అందరూ నర్సమ్మ అంటారు గానీ నర్సును కాను. మంచాన పడ్డవారి దగ్గర పగటిపూట ఉండే ఆయాను. ఏడు నెలలుగా గడియారాల మాస్టారి దగ్గర, ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు వరకు పని. కింద ఆయన రిపేరు షాపు, పైన ఇల్లు.

పక్షవాతం వచ్చి మాస్టారికి మాట పడిపోయింది. "సరే" అన్న ఒక్కటే మిగిలింది. దాహమైతే సాగదీసి సరే. నొప్పైతే వెంటవెంటనే రెండు సరేలు. వద్దంటే గోడవైపు తిరిగి సరే. మనం చెప్పేది అంతా అర్థమవుతుంది, పేపరు చదువుతారు. మీకు అనుమానముంటే, మిమ్మల్ని కిటికీలోంచి తోసేయమంటారా అని ఆయన్ని అడిగి చూడండి. నవ్వి సరే అంటారు.

మూడో తారీకు బుధవారం, పదకొండూ పదికి ఆయన తమ్ముడూ, దస్తావేజులు రాసే ఒకాయనా వచ్చారు. రాగానే వీధివైపు కిటికీ మూశారు. ఇంకు ప్యాడు తమ్ముడి జేబులోనే ఉంది. ఆ రాసే ఆయన మంచం వైపు ఒక్కసారైనా చూడలేదు.

"అన్నయ్యా, షాపూ ఇల్లూ నా పేర రాస్తున్నావు కదా?"

మాస్టారు గోడవైపు తిరిగారు. "సరే."

"విన్నారుగా, మాటిచ్చాడు."

"బాబుగారూ, ఆయన వద్దంటున్నారు," అన్నాను.

"సరే అంటే వద్దని ఏ బళ్ళో చెప్పారు నీకు? వెళ్ళి టీ పెట్టు."

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది. తిరిగొచ్చేసరికి మాస్టారి బొటనవేలు నల్లగా ఉంది. సబ్బుతో మూడుసార్లు కడిగాను.

వచ్చే సోమవారం ఆయన్ని ఏదో వృద్ధాశ్రమంలో చేరుస్తారట. వేలిముద్ర వేయించుకున్న ఆ కాగితం చెల్లితే ఆయనకు ఇల్లు లేదు.

ఇక మిగతా సగం. టీ మరుగుతుండగా తమ్ముడు వంటగదిలోకి వచ్చి, ఆసుపత్రి కాగితమని చెప్పి సంతకం పెట్టమన్నారు. పెట్టకపోతే రేపటి నుంచి రానక్కర్లేదన్నారు. నాకు చదవడం వచ్చు. చదవలేదు. అది ఆ ఇంటి కాగితమే, అందులో రెండో సాక్షి సంతకం నాదే. అనుమానం వచ్చాకే పెట్టాను, రాకముందు కాదు.

ఇదంతా దేవుడు చూస్తుండగా రాసిన నిజం. ఏ శిక్ష వేసినా పడతాను. ఈ కాగితాలు మీ దగ్గరే దాచండి, మాస్టారికి మాత్రం చూపించకండి. ఈ మధ్యాహ్నం కూడా ముద్ద కలిపి పెడితే, నా ముఖం చూస్తూ నోరు తెరిచారు.

(సంతకం)