గోపమ్మ ఠాణాకు తెచ్చిన బందూకు

నా పేరు గోపమ్మ. భర్త పేరు ఎల్లేశం. వయసు ముప్పై దాటి ఉంటుంది, సరిగా తెలియదు. గొర్రెలు కాస్తాను. ఊరు నైజాం ఇలాకా నల్లగొండ జిల్లా ఎర్రబండ. 1354 ఫసలీలో మున్సిఫ్ మేజిస్ట్రేటు గారి ఎదుట, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

నా భర్త దొర గడీలో షికారు మనిషి. దొర తన బందూకుల్లో ఒకటి అతని చేతికి ఇచ్చి ఉంచాడు. రెండేళ్ళ కిందట మేత దగ్గర తగాదా పడి, నా తమ్ముడు బీరన్నను దాంతోనే కాల్చాడు. బీరన్న బతికాడు గాని కుడికాలు పోయింది. కోర్టు నా భర్తకు ఆరు నెలల ఖైదు వేసి, ఇక మీదట బందూకు ముట్టరాదని హుకుం ఇచ్చింది. జైలు నుంచి వచ్చిన వారానికే అదే బందూకు మా ఇంటి దూలానికి వేలాడింది.

నేను ఠాణాకు వెళ్ళి, అక్కడి అధికారి అమీను గారికి చెప్పాను. ఆయన జవాన్లతో తలాషీకి వచ్చారు. ముందు రోజే మా ఊరి పోలీసు పటేలు కబురు చెప్పడంతో నా భర్త బందూకును గడీలో పెట్టి వచ్చాడు. జవాన్లు జొన్నల కుండ బోర్లించారు, పొయ్యి తవ్వారు. జొన్నలన్నీ బూడిదలో కలిశాయి. పోతూ మా కోడిని పట్టుకుపోయారు. ఆ సాయంత్రమే బందూకు తిరిగి ఇంటికి వచ్చింది.

మళ్ళీ వెళ్ళి చెప్పాను. మళ్ళీ వచ్చారు. మళ్ళీ జొన్నల కుండ బోర్లించారు.

"బాంచెను, కుండల ఏముంటదయ్యా? గడీల చూడుండ్రి" అన్నాను.

"దొర గడీల తలాష్ చేయమంటవా? మతి ఉన్నదా నీకు?" అని అమీను గారు కోప్పడ్డారు.

ఆ రోజు నా భర్త నన్ను కొట్టాడు. ఈ పన్ను అప్పుడు ఊడిందే.

మొన్న సోమవారం పొద్దున అతను బందూకు తుడుస్తూ, "మీ తమ్మునికి చెప్పు. మంద గిటు దిక్కు వస్తే గీసారి కాలు కాదు" అన్నాడు. గటక తిని గడీకి పోయాడు. నేను బందూకును గొంగడిలో చుట్టి, గడ్డిమోపులో పెట్టి, నెత్తిన ఎత్తుకొని ఠాణాకు నడిచాను. వాకిట్లో జవాను "గడ్డి ఎంతకిస్తవే?" అని బేరమాడాడు. మోపు విప్పగానే వెనక్కి దూకాడు.

"మీకు రెండుసార్లు దొరకలే గదా అయ్యా, నేనే తెచ్చిన" అన్నాను.

అమీను గారు దాన్ని తిప్పి తిప్పి చూశారు. "గిది దొరది. గడీల దొంగతనం చేసినవ్" అని నన్ను లోపల వేశారు. మరునాడు పటేలు వచ్చి, దొరకు అప్పగిస్తానని బందూకు తీసుకుపోయాడు. కటకటాల్లోంచి చూశాను. "ఇయ్యకుండ్రయ్యా, ఆడ బీరన్న ఉన్నడు" అని అరిచాను. ఎవరూ ఇటు తిరగలేదు.

గడీ లోపల నేను ఏనాడూ అడుగు పెట్టలేదు. అక్కడి నుంచే ఎత్తుకొస్తే ఏ తలుపున వచ్చానో రాయాలి. మా ఇంట్లోంచి తెస్తే నా భర్త దగ్గర బందూకు ఉన్నట్టు రాయాలి. అమీను గారు కేసు కాగితంలో రెండూ రాయలేదు. నాకు శిక్ష వేస్తే వేయండి. బందూకు మాత్రం ఊళ్ళోంచి తెప్పించండి. బీరన్న ఉరకలేడు.

చెప్పిందంతా జరిగిందే. రాసింది చదివి వినిపించారు. ఒకచోట ‘మా ఇంట్లోంచి’ అన్న నా మాటకు బదులు ‘గడీలోంచి’ అని ఉంది. దాన్ని దిద్దించి, మళ్ళీ చదివించుకున్నాకే ముద్ర వేశాను.

గోపమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర