మీరే నొక్కండి సార్

కాదు సార్, వర్జ్యంలో మొదలుపెడితే కంప్యూటర్లు పాడైపోతాయని ఏ పుస్తకంలో ఉందండీ? అవును, పొద్దున వర్జ్యంలోనే పిల్లల చేత మొదలుపెట్టించాను. క్యాలెండర్ చూసే మొదలుపెట్టించాను! ఏమైంది? అన్నీ శుభ్రంగా లేచి కూర్చున్నాయి. కావాలంటే రండి, ల్యాబంతా తిరిగి చూడండి.

రారా? సరే, మీ ఇష్టం.

శాలినీ, నువ్వేనా ఇలా మాట్లాడేది అంటున్నారు. నేనేనండీ. మీ దగ్గర చదువుకున్న శాలినినే. ఉద్యోగం రాక ఇంట్లో కూర్చుంటే, పటమటలో మన ఇన్‌స్టిట్యూట్ ఉండగా నీకేంటమ్మా దిగులు అని మీరే పిలిచి పాఠం చెప్పమన్న శాలినినే. ఆ విశ్వాసం లేదనుకోకండి. ఉంది కాబట్టే ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నాను.

అసలు మనం చెప్పే పాఠం ఏంటి జానకిరామ్ గారూ? రెండు మిషన్లు కలిసి ఒక్క డేటాబేసుని మొయ్యాలి. ఒకటి పడిపోతే రెండోది అందుకోవాలి, పని ఆగకూడదు. అంతేగా! బ్యాంకుల్లో ఇదే వాడతారని బయట బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించారు కూడా. ఆ అందుకోవడం మన పిల్లలు ఎప్పుడైనా కళ్ళతో చూశారా? పోనీ నేను చదువుకున్నప్పుడు చూశానా?

ఎక్కడ చూస్తామండీ! ఒక్కొక్కళ్ళ కంప్యూటర్లో రెండేసి వర్చువల్ మిషన్లు, అదే ఆ ఉత్తుత్తి కంప్యూటర్లు, కట్టేసరికే కోర్సు అయిపోయేది. ఎందుకూ? మీ హస్తవాసి మంచిది కదా! మొదటి ఎంటర్ మీరే నొక్కాలి. మిషన్‌కి పేరు మీరే పెట్టాలి. మీరు తెనాలి పెళ్ళికి వెళ్తే బ్యాచంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలి. ఒకరి సీటు దగ్గరికొచ్చేసరికి దుర్ముహూర్తం, ఇంకొకరి దగ్గరికొచ్చేసరికి మీ భోజనం వేళ.

వెటకారం కాదండీ. కడుపు మండి అంటున్నాను.

పోయిన బ్యాచ్‌లో సిద్ధార్థ సంగతి గుర్తుందా? అమ్మవారి పేరు పెడదామని వాడి మొదటి మిషన్‌కి దుర్గ అన్నారు. ఇంతలో ఫోనొచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండోదానికీ దుర్గే కొట్టారు. ఒకే పేరున్న రెండు మిషన్లు ఒకదాన్నొకటి ఎలా గుర్తుపడతాయి సార్? వాడికి తప్పు తెలుసు. అయినా మార్చలేదు! ఎందుకురా అంటే, సార్ చేత్తో పెట్టిన పేరు మేడమ్, మారిస్తే బాగోదు అన్నాడు. కోర్సు అయిపోయింది. వాడి రెండు మిషన్ల క్లస్టర్ లేవనే లేదు. మీకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళిపోయాడు, పిచ్చి సన్నాసి.

అందుకే స్క్రిప్టు రాశానండీ. ఒక్క కమాండ్ కొడితే చాలు. రెండు మిషన్లూ వాటంతటవే తయారవుతాయి. వేరువేరు పేర్లు పెట్టుకుంటాయి, రెండింటికీ కలిపి ఒక డిస్కు తగిలించుకుంటాయి. మనం కిందకెళ్ళి కాఫీ తాగి వచ్చేలోపు సిద్ధంగా ఉంటాయి.

చేత్తో చెయ్యకపోతే చేతికెలా వస్తుందంటారా? మంచి మాటే, కాదనను. మరి నాకేం వచ్చింది చేతికి? హైదరాబాద్ ఇంటర్వ్యూలో ఆయన అడిగింది ఒక్కటే. నడుస్తుండగా ఒక మిషన్ పోయిందమ్మా, ఇప్పుడేం చేస్తావు? ఎలా కట్టాలో చెబుతానండీ అన్నాను. కట్టడం కాదమ్మా, పోయిందంటున్నాను, అన్నాడు. మళ్ళీ కట్టడం గురించే మొదలుపెట్టాను. పాపం అనుకున్నాడేమో, మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను సార్.

ఇవాళ కీర్తనని చూడాల్సింది మీరు! అవనిగడ్డ నుంచి బస్సు పట్టుకుని వస్తుందే, ఆ పిల్ల. నడుస్తున్న మిషన్ని టప్పున ఆపేసింది. రెండోది అందుకుంది. ఆగలేదు మేడమ్, ఆగలేదు అని కుర్చీలోంచి లేచి ఒకటే అరుపు! మళ్ళీ ఆపింది. ఈసారి ఏదేదో కెలికి రెండింటినీ పూర్తిగా చెడగొట్టింది. అయితే ఏం? కమాండ్ కొట్టి మళ్ళీ కట్టుకుంది. మా రోజుల్లో ఏదన్నా పాడైతే మళ్ళీ మీ కోసం ఎదురుచూడాలని దాన్ని ముట్టుకోవడానికే వణికేవాళ్ళం. ఆ పిల్ల అలా ఆడుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషమో, కుళ్ళో నాకే తెలియదు.

ఏమన్నారు? స్క్రిప్టు తీసేస్తే ఉండు, లేకపోతే వెళ్ళిపో. అంతేనా?

అంతేనా సార్?

నాకు భయం లేదనుకోకండి. ఉంది. ఇంటికెళ్ళి అమ్మకి ఏం చెప్పాలో ఇప్పటినుంచే వెతుక్కుంటున్నాను. అయినా సరే, నా చేత్తో నేను చెరపను. ఇదిగో కీబోర్డు. అదిగో, అన్నిటికన్నా పైనున్న ఫైలే స్క్రిప్టు. ఇది డిలీట్ మీట. మీరే నొక్కండి.

నొక్కండి సార్. ఇప్పుడు వర్జ్యం కూడా లేదు.

...

నొక్కేశారా.

సరే. ఇప్పుడు నేను చెప్పేది వినండి. పోయింది నాదొక్కటే. లోపలున్న పిల్లలు ఎవరి స్క్రిప్టు వాళ్ళు రాసుకున్నారు. నేనే కూర్చోబెట్టి రాయించాను. ఏం చెయ్యాలో తమకి తెలియకుండా మిషన్‌కేం చెబుతారండీ? ప్రతిదీ నేర్చుకునే రాశారు. కీర్తనది నాదానికన్నా బాగుంది.

ముందే చెప్పొచ్చుగా అంటారా? చెప్పొచ్చు. కానీ మీరు నొక్కుతారో, లేక ఉండమ్మా, ఒకసారి లోపలికెళ్ళి చూద్దాం అంటారో తెలుసుకోవాలనిపించింది. ఆగుతారనే అనుకున్నానండీ, ఒట్టు.

అలా అనుకుంటూనే, రేపటి క్లాసు నువ్వు చెప్పమ్మా అని మధ్యాహ్నమే కీర్తనని అడిగి పెట్టుకున్నాను. సరే మేడమ్ అంది. వస్తానండీ.