పన్నెండు గదుల స్క్రిప్టు

మిర్చి యార్డుకి పోయే దారిలో, కోల్డ్ స్టోరేజీ గేటు ఎదురుగా సఫూరా టీ కొట్టు. ఆ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడంటే త్రినాథ్‌ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ల పని వాడిదే. ఇవాళ మరీ రెచ్చిపోవడానికి కారణముంది. పక్కన లక్ష్మీకాంత్ గారు కూర్చున్నారు. ఆయనకి ఒంగోలు రోడ్డు మీద ఇలాంటి కోల్డ్ స్టోరేజీలే రెండున్నాయి, వాటి సిస్టం పని ఎవరికివ్వాలా అని చూస్తున్నారు. అది తనకే రావాలి. నెల రోజులుగా త్రినాథ్‌కి అదే ధ్యాస.

“పెద్ద పనేం కాదండీ,” అన్నాడు వినయంగా. “మొన్న పన్నెండు గదులకీ కొత్త మిషన్లొచ్చాయి. గదికో సెట్టింగుల ఫైలు. ఎన్ని డిగ్రీలుండాలి, ఎంత చెమ్మ ఉండాలి, వేడెక్కితే ఏ ఫోనుకి మెసేజ్ పోవాలి, అన్నీ అందులోనే. ఇంకోడైతే ఒక్కో ఫైలూ తెరిచి వారం రోజులు కొట్టుకుంటూ కూర్చునేవాడు. నేనేం చేశానూ, ఒకటో గది ఫైలు సరిచేసి, కంప్యూటరే మిగతా పని చేసుకుపోయేలా ఆరు లైన్ల షెల్ స్క్రిప్టు రాసి, ఎంటర్ కొట్టాను. మిగతా పదకొండు ఫైళ్ళలోకీ అంకెలు వాటంతటవే పోయి కూర్చున్నాయి. డిగ్రీల గడి ఒక్కటే కాదండోయ్, ఉన్న గడులన్నీ! టీ చల్లారేలోపు అయిపోయింది.”

“అబ్బో!” అన్నాడు యలమందయ్య. మంచి ధర వస్తుందని ఎనభై గోనె టిక్కీల మిరపకాయలు అక్కడ దాచుకున్న రైతు ఆయన.

ఆ ‘అబ్బో’ చాలు త్రినాథ్‌కి.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్క్రిప్టు ఆగితేనా! ఇక్కడ గదులైపోయాయి గదాని గోడ దూకి పక్క కోల్డ్ స్టోరేజీలోకి పోయింది. అక్కణ్ణుంచి ఇంకోదాన్లోకి. సాయంత్రానికల్లా గుంటూరు చుట్టూ ఉన్నవాటన్నిట్లో ఒకటే లెక్క, ఆరు డిగ్రీలు! ఒంగోలు పోయే ఏసీ బస్సునీ వదల్లేదు. చిలకలూరిపేట దాటేసరికి డ్రైవరు దుప్పటి కప్పుకున్నాడట, కండక్టరుకి టిక్కెట్ల మిషన్ నొక్కడానికి వేళ్ళు వంగలేదట.”

“ఊరుకోరా!” అన్నాడు యలమందయ్య.

“నీ మీదొట్టు బాబాయ్! బ్రాడీపేటలో పొయ్యి మీద పాలు పెడితే, పొంగాల్సింది పోయి గడ్డకట్టాయి. పత్తి చేలో కూలీలు మిట్టమధ్యాహ్నం చలిమంట వేసుకున్నారు. మొన్న పొద్దున కాస్త చల్లగా లేదూ? ఎక్కడో వాన పడిందనుకున్నారు మీరంతా. వానా లేదు గీనా లేదు, నా స్క్రిప్టు! ఆఖరికి సూర్యుడి ఫైలు కూడా దొరికింది గానీ, కాయలు ఎండక రైతులు అన్యాయమైపోతారని నేనే జాలిపడి వదిలేశాను.”

లక్ష్మీకాంత్ గారు పకపకా నవ్వారు. “సరేగానీ, మా దగ్గరికి ఎప్పుడొస్తావయ్యా?”

త్రినాథ్‌కి ప్రాణం లేచొచ్చింది. వాడు నోరు తెరిచేలోగా కొట్టులో ఫోను టింగుమంది.

“ఇదిగో త్రినాథూ,” అంది సఫూరా. “మొన్న నీ ఫోన్లో ఛార్జింగ్ లేదని, మెసేజ్ వస్తుందో లేదో చూస్తానని, ఒకటో గది ఫైల్లో నా నంబరు పెట్టావు. తీసేశావా?”

“ఒకటో గదికే గదక్కా...” అనబోయి ఆగిపోయాడు. ఉన్న గడులన్నీ! ఇందాకట్నుంచీ చెప్పినవాటిలో నిఖార్సయిన నిజం అదొక్కటే. అంకెలతోపాటు సఫూరా నంబరు కూడా పన్నెండు గదుల్లోకీ పోయింది.

“పొద్దున్నించీ ఒకటే మోత. ఇంగ్లీషులో ఉంటే లాటరీ మెసేజ్‌లనుకుని పక్కన పడేశాను. కాస్త చదవండి సార్.”

లక్ష్మీకాంత్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. “ఏడో గది, పద్నాలుగు డిగ్రీలు. ఏడో గది, పదహారు. ఇప్పుడొచ్చింది పంతొమ్మిది.”

“ఓరి నాయనో, నా కాయలు ఏడో గదిలోనే రా!” యలమందయ్య తువ్వాలు జారిపోయినా చూసుకోకుండా గేటు వైపు పరిగెత్తాడు.

లక్ష్మీకాంత్ గారు ఫోను సఫూరాకిచ్చేసి, కారు తాళం తీసుకుని లేచారు. త్రినాథ్ ఆయన వంకా, గేటు వంకా చూశాడు. లేచి నిలబడ్డాడు.

“ఇంకా నిలబడ్డావేం నాయనా?” అంది సఫూరా. “ఒంగోలు దాకా చల్లబరిచొచ్చావు. ఎదురుగా ఉన్న ఆ ఒక్క గదీ కూడా చల్లబరిచిరా.”